ఇంటికప్పు: బాగుచేయుట, మార్చుట

మన భాషలో ‘నేయుట’ అను మాటకు రెండు అర్థములు కలవు. మగ్గముపై నూలుతో బట్టను నేయుట ఒకటి. వాసములపై తాటాకుతోనో, గడ్డితోనో, పెంకుతోనో ఇంటిని నేయుట రెండవది. వేసవి నడుమ పల్లెలలో పెద్దలు ఎదురుపడినప్పుడు “ఈ ఏడు ఇల్లు నేయించితిరా?” అని ఒకరినొకరు అడుగుట వాడుక. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి బ్రతుకుతెరువునకై వచ్చిన మన పెద్దలు మొదటి నేతను భివండీకి వెంట తెచ్చుకొనిరి. రెండవ నేతను ఊరిలోనే విడిచి వచ్చిరి. ఈ పాఠము ఆ విడిచిన విద్యను గూర్చినది.

గూనపెంకుటింటికి ఏటేట పని తప్పదు. కోతి దుమికినను, గాలి వీచినను పెంకు జరుగును. కనుక వానలకు ముందే పెంకులు దింపి, పగిలినవానిని ఏరివేసి, చెదలు పట్టిన వాసమును మార్చి, తిరిగి కప్పుచుండిరి. రేకులయింటికి వచ్చినపిమ్మట, రేకు దుకాణమునుండి కొన్న వస్తువు గదా, దానికి ఏటి పని లేదని మనము నమ్మితిమి. ఆ నమ్మకము పొరపాటు. రేకునకును ఆయుర్దాయము కలదు. దానిని పట్టియుంచు బోల్టునకును, బోల్టు క్రింది వాషరునకును, వానిని మోయు దూలమునకును వేరువేరు ఆయుర్దాయములు కలవు.

ఒక శ్రావణమాసపు ఉదయమున ఏడవ తరగతి బాలుడొకడు తడిసి ఉబ్బిన పుస్తకములతో బడికి వచ్చెను. అడుగగా, రాత్రి ఇల్లు కారినదని చెప్పెను. మరునాడు బాలుడు రాలేదు. మూడవనాడు విచారింపగా తెలిసిన సంగతి యిది. రాత్రిపాళీ ముగించి తెల్లవారుజామున ఇల్లు చేరిన తండ్రి, పిల్లలు ఒక మూల ముడుచుకొని కూర్చుండుట చూచి, తాడ్పత్రి చేతబట్టుకొని వానలోనే కప్పునెక్కెను. నాలుగవ అడుగున రేకు విరిగెను. ఆయన తన యింటి నేలమీదనే పడెను. తొడయెముక విరిగి మూడు నెలలు సాంచెల దగ్గరకు పోలేకపోయెను. కారిన రంధ్రము వేసవిలో చూచియుండినచో ఒక వాషరుతో తీరెడిది.

తల్లిదండ్రులారా! ఈ పాఠములో చెప్పదలచిన ముఖ్యమైన మాట ఒక్కటే: కప్పును వేసవిలో చదువవలెను, వానలో ఎక్కరాదు. తక్కిన వివరములన్నియు దీని వ్యాఖ్యానములే.

వాన ఎంత? ఎప్పుడు?

నైరుతి ఋతుపవనములు ముంబయి ప్రాంతమును చేరుటకు వాతావరణశాఖవారు గుర్తించిన సగటు తేదీ జూన్ 11. అది సగటు మాత్రమే. 2025లో అవి మే 26వ తేదీననే ముంబయిని చేరెను. 2021లో మే నెల నడుమనే తౌక్తే తుఫాను ఈ తీరము ప్రక్కగా సాగిపోయి, గాలితో అనేకుల కప్పులను లేపెను. కనుక జూన్ మొదటివారములో చేసెదమనుకొన్న మరమ్మతు కొన్నియేండ్లు ఆలస్యమగును. ఏప్రిలు నెలాఖరునకే పని ముగియవలెను.

వాన బరువెంతో పిల్లలచే లెక్క కట్టించుడు. పది అడుగుల వెడల్పు, పండ్రెండు అడుగుల పొడవు గల గది వైశాల్యము 120 చదరపుటడుగులు. అనగా సుమారు 11 చదరపు మీటర్లు. ఒక సెంటీమీటరు వాన కురిసినచో దానిపై సుమారు 111 లీటర్ల నీరు పడును. 2005 జూలై 26వ తేదీన ముంబయి శాంతాక్రజ్‌లో ఒక్క దినమున 94.4 సెంటీమీటర్ల వాన నమోదైనది. అంత వాన ఈ గదిపై కురిసినచో పదివేల ఐదువందల లీటర్ల నీరు ఆ చిన్న కప్పుమీదుగా జారిపోవలెను. అందులో నూరవవంతు లోపలికి దిగినను ఏడు బకెట్ల నీరగును. ఒక్క బోల్టు రంధ్రము చాలదా పుస్తకములను, బియ్యమును, పరుపును పాడుచేయుటకు?

కప్పులలోని రకములు

మన వాడలలో నాలుగు రకముల కప్పులు కనబడుచున్నవి.

మొదటిది పెంకుకప్పు. మనవారు బెంగుళూరు పెంకులని పిలుచునవి నిజముగా మంగుళూరువి. 1865లో బాసెల్ మిషను వారు మంగుళూరులో నేత్రావతి నదియొడ్డున యంత్రములతో పెంకులు చేయు కార్ఖానాను స్థాపించిరి. అచటినుండి ఓడలమీద పడమటి తీరమంతటికిని ఆ పెంకులు చేరెను. వీనికి గాడి ఉండుటచే ఒకదానినొకటి పట్టుకొనును. చదరపు మీటరునకు సుమారు పదునైదు పెంకులు పట్టును. ఇంటిలో వేడి తక్కువ. పగిలిన పెంకును ఒంటిగా మార్చవచ్చును. అయితే బరువు ఎక్కువ. వాసములు గట్టివై యుండవలెను.

రెండవది ఇనుపరేకు. ఇరుగుపొరుగువారు దీనిని పత్రా అందురు. పలుచని రేకును అలలవలె మడచినచో బలము హెచ్చునని కనుగొని, లండను రేవులలో పనిచేయుచుండిన హెన్రీ పామర్ అను ఇంజనీరు 1829లో హక్కు పొందెను. తరువాత తుప్పు పట్టకుండ జింకు పూత వచ్చెను. ఆ పూత ఉన్నంతవరకే రేకు క్షేమము. రేకు కోసిన అంచులయందును, బోల్టు రంధ్రములయందును తుప్పు మొదలగును.

మూడవది సిమెంటు రేకు. 1900 ప్రాంతమున ఆస్ట్రియా దేశమున లుడ్విగ్ హాచెక్ అను నాయన సిమెంటును రాతినారతో కలిపి రేకులు చేయు పద్ధతిని కనిపెట్టెను. తుప్పు లేదు, వెల తక్కువ, వానచప్పుడు తక్కువ. కనుక మన దేశమున కార్మికుల యిండ్లన్నిటిమీదను ఇది వ్యాపించెను. దీని దోషము తరువాత చెప్పబడును.

నాలుగవది స్లాబు, అనగా ఇనుపకడ్డీలపై పోసిన కాంక్రీటు. ఇది శాశ్వతమని మనవారి తలంపు. ఇదియు శాశ్వతము కాదు.

కప్పును చదువుట

కప్పును పరీక్షించుటకు పైకెక్క నక్కరలేదు. పనిలో ముప్పాతిక ఇంటిలోపలినుండియే చేయవచ్చును. మధ్యాహ్నము రెండు గంటల వేళ, ఎండ మండుచుండగా, తలుపులు, కిటికీలు మూసి, దీపము లార్పి, గదిలో నిలిచి పైకి చూడుడు. రంధ్రమున్నచోట వెలుతురు చుక్కవలె కనబడును. ఒక కాగితముపై గది పటము గీసి, వెలుతురు కనబడిన ప్రతిచోటును గుర్తించుడు. ఈ పని పిల్లలకు అప్పగించినచో వారు సంతోషముగా చేయుదురు. వారి కన్నులు మనవానికంటె చురుకైనవి.

తరువాత మరకలను చూడుడు. గోడమీద, దూలముమీద గోధుమరంగు చారలున్నచో గత వర్షాకాలమున నీరు ఆ దారిని వచ్చినదని అర్థము. ఇచట ఒక సూత్రము జ్ఞాపకముంచుకొనవలెను: చుక్క పడిన చోటు వేరు, రంధ్రమున్న చోటు వేరు. నీరు రేకు అడుగునంటి, దూలము వెంబడి పల్లమునకు జారి, అడ్డు తగిలినచోట చుక్కగా రాలును. బట్టలో పోగు తెగినచోటు కనుగొనుటకు నేతగాడు నూలు వెంట వెనుకకు పోవునట్లు, మరకనుండి వాలు వెంట పైకి పోవుచు రంధ్రమును వెదుకవలెను. లేనిచో బాగున్నచోట తారుపూసి, పాడైనచోటు విడిచిపెట్టుదుము.

మూడవది, దూలములు. కొయ్య దూలమును మేకుతో పొడిచి చూడుడు. మేకు సులభముగా దిగినచో లోపల పుచ్చినదని తెలియవలెను. గోడలో దూరిన కొన ముందుగా పుచ్చును. చెదల మట్టిచారలు గోడ వెంట పోయినవేమో చూడుడు. ఇనుప దూలమైనచో తుప్పు పొరలు పొరలుగా లేచినదేమో గోకి చూడుడు. మంచి రేకును పుచ్చిన దూలముపై వేయుట వ్యర్థము.

నాలుగవది, బయటినుండి చూడవలసినవి. ఎదుటి మేడపై నిలిచిగాని, గోడకు ఆనించిన గట్టి నిచ్చెనపై నిలిచిగాని చూడుడు. కొప్పురేకులు కదలినవా? చూరు అంచులు విరిగినవా? ఆకులు, చెత్త, నూలుపీచు చేరి నీటిదారిని కట్టివేసినవా? మన వాడలలో సాంచెల కార్ఖానాలనుండి వచ్చు నూలుపీచు కప్పులపై పడి, తడిసి, అట్టకట్టి, అలల నడుమ ఆనకట్ట కట్టును. నీరు నిలిచి రేకు జోడుమీదుగా వెనుకకు ఎక్కును. ఇటువంటి కారుటకు రేకునందు దోషమే లేదు. పొడవాటి కఱ్ఱకు చీపురు కట్టి, తడిపి, చెత్తను దింపినచో చాలును.

చిన్న మరమ్మతులు

రేకులయిండ్లు కారుటకు తరచుగా కారణము రేకు కాదు, బోల్టు. బోల్టు తలక్రింద తారువాషరును, దానిపై ఇనుపవాషరును ఉండును. తారువాషరు ఎండకు ఎండి పెళుసై రాలిపోవును. అప్పుడు ప్రతి బోల్టును ఒక చిల్లియగును. పాత బోల్టును తీసి క్రొత్త బోల్టు, క్రొత్త వాషరులు వేయించుడు. బోల్టు ఎల్లప్పుడును అల శిఖరముననే ఉండవలెను. పల్లమున వేసినచో నీరంతయు దానిమీదుగానే పోవును. మరయు అతిగా బిగింపరాదు. ఎండవేడికి సాగుటకు చోటు లేక రేకు పగులును.

గోడను కప్పు తాకుచోట సందు తరచుగా కారును. అచట సిమెంటు పూసినచో రెండేండ్లలో బీటవారును. గోడలో గాడి తీసి, ఒక రేకుముక్కను అందు దూర్చి, కప్పుమీదికి వంచి విడుచుట మంచిపద్ధతి.

చిన్న బీటపై సిమెంటు పూయుట అందరు చేయు పని. పాత రేకుపై క్రొత్త సిమెంటు నిలువదు. ఎండి కుంచించుకొని ఊడివచ్చును. తారుపూత గల అంటుపట్టీ కొంత మేలు. అయినను అది ఒక వర్షాకాలము గడచుటకే. బీటవారిన రేకు మార్పవలసిన రేకే.

గాలికి లేవకుండ కప్పుపై రాళ్లు, ఇటుకలు, పాత టైర్లు పెట్టుట మన వాడలలో అలవాటు. గాలి రేకును క్రిందికి నొక్కదు, పైకి పీల్చును. కొన్ని యిటుకల బరువు ఆ పీల్పునకు చాలదు. పైగా రేకు వాని క్రింద పగులును, గాలికి ఎగిరినచో ఇటుక త్రోవన పోవువాని తలపై పడును. రేకును పట్టవలసినది బోల్టు. ప్రతి రేకునకు ప్రతి దూలముమీదను రెండేసి బోల్టులు ఉండవలెను.

రేకుపై కాలు మోపరాదు

సిమెంటు రేకు వయసుతో పెళుసగును. చూపునకు గట్టిగా కనబడును. కాలు మోపినంతనే హెచ్చరిక లేకుండ విరుగును. తడిసి నాచుపట్టినదైనచో జారును కూడ. కనుక ఇంటిపెద్దలు తామే ఎక్కుట మానవలెను. పనివారిని ఎక్కించునప్పుడు సయితము రెండు దూలములమీద ఆనునట్లు అడ్డముగా వెడల్పాటి పలకలు పరచి, పలకమీదనే నడువవలెను. బోల్టుల వరుసను బట్టి దూలమెచటనున్నదో తెలియును. ఒంటరిగా ఎక్కరాదు. నడుమునకు త్రాడు కట్టి గట్టి ఆధారమునకు బిగింపవలెను. ఇంటి విద్యుత్తును ముందుగా ఆపవలెను. ఇనుపరేకుపై ఒరసిపోయిన తీగ తగిలినచో కప్పంతయు విద్యుత్తు పారును. క్రింది గదిలో ఎవ్వరును ఉండరాదు.

వానరాత్రి ఇల్లు కారినచో చేయవలసినది ఇది. కప్పును వదలి, ఇంటిలోపల దూలములకు తాడ్పత్రిని ఏటవాలుగా కట్టి, దాని కొనను బకెట్టులోనికి దింపుడు. పుస్తకములను, కాగితములను, రేషనుకార్డును ప్లాస్టికు సంచిలో పెట్టి ఎత్తున ఉంచుడు. తెల్లవారనిండు. ఒక రాత్రి నిద్ర పోయినను మరల వచ్చును. మనిషి పోయినచో రాడు.

రాతినార

సిమెంటు రేకులో బలమునకై కలిపినది రాతినార. ఇంగ్లీషు వారు ఆస్బెస్టాస్ అందురు. దీని పోగులు కంటికి కనబడనంత సన్నమైనవి. ఊపిరితో లోపలికి పోయినచో ఊపిరితిత్తులలో నిలిచిపోవును. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ అన్ని రకముల రాతినారను మనుష్యులకు క్యాన్సరు కలిగించు పదార్థముల మొదటి వర్గమున చేర్చినది. వ్యాధి వెంటనే కనబడదు. ఇరువది, ముప్పది ఏండ్లకు పైబడి బయటపడును. అందుచేతనే 1995లో మన సుప్రీంకోర్టు, రాతినార పరిశ్రమలలోని కార్మికుల ఆరోగ్యవివరములను కనీసము 40 ఏండ్లపాటు భద్రపరుపవలెనని ఆదేశించెను. ఐరోపా సమాజ దేశములు 2005 నాటికి దీని వాడుకను నిషేధించెను. మన దేశమున రాతినార రేకుల అమ్మకము నిషిద్ధము కాదు.

ఇది విని భయపడి నేడే కప్పు పీకవలెనని కాదు. పగులక, చెదరక, నిలిచియున్న రేకునుండి పోగులు వెలువడుట బహు స్వల్పము. దానిని కోసినప్పుడు, యంత్రముతో తొలిచినప్పుడు, ఇనుపకుంచెతో రుద్దినప్పుడు, పగులగొట్టినప్పుడు దుమ్ము లేచును. కనుక అపాయము కప్పు నిలిచియున్న కాలమునకంటె, దానిని తీయు దినమున ఎక్కువ. పగలు పాళీలో నూలుదుమ్ము పీల్చు ఊపిరికి ఇంటిలో ఈ దుమ్మును కూడ చేర్చవలయునా?

పాతరేకులు తీయునాడు ఈ నియమములు పాటింపుడు. పిల్లలను, గర్భవతులను ఆ దినము బంధువుల యింటికి పంపుడు. రేకును నీటితో బాగుగా తడుపుడు. బోల్టును కోసి రేకును మొత్తముగా దింపుడు. పైనుండి పారవేయకుడు, సుత్తితో కొట్టకుడు. పనివారు ముక్కునకు వట్టి రుమాలు కట్టుకొనుట చాలదు. సన్నని ధూళిని ఆపు మాస్కు కావలెను. నేలపై ముక్కలను పొడిగా ఊడ్వక తడిగుడ్డతో ఎత్తి, మందపు ప్లాస్టికులో చుట్టి మూటకట్టుడు. ఆనాటి బట్టలను వేరుగా ఉతుకుడు. పాత రేకుముక్కలను గల్లీ గుంటలలో పోసి త్రొక్కించుట, పొయ్యిగూడు కట్టుట, వరాలా తలావు గట్టుమీద పారవేయుట చేయరాదు. ఊరివారు దేవతగా కొలుచు తల్లి పేర నిలిచిన చెరువది. మూటను ఎచట అప్పగింపవలెనో నగరపాలిక వార్డు కార్యాలయమున విచారింపుడు.

మార్పు ఎప్పుడు? ఎట్లు?

మరమ్మతు ఎంతవరకు, మార్పు ఎప్పటినుండి అను ప్రశ్నకు లెక్కతో జవాబు చెప్పవచ్చును. మీ గదిపటమున రేకుల గళ్లు గీసి, పాడైనవానిని గుర్తింపుడు. నాలుగింట ఒక వంతునకు తక్కువగా పాడై, దూలములు గట్టిగా ఉన్నచో ఆ రేకులనే మార్చుడు. సగమునకు మించినచో మొత్తము మార్చుట మేలు. ఏలయనగా ఒక రేకును మార్చుటకు ప్రక్కరేకులను కదల్పవలెను, పెళుసైన ప్రక్కరేకు కదలికకే పగులును. దూలములు పుచ్చినచో రేకులెట్లున్నను మొత్తము దింపవలసినదే. మూడేండ్లుగా ఏటేట మరమ్మతునకు పెట్టిన ఖర్చును కూడి, క్రొత్తకప్పు వెలతో సరిచూడుడు. ఎప్పుడు మారవలెనో ఆ అంకెయే చెప్పును.

క్రొత్తగా వేయువారు రాతినార లేని సిమెంటు రేకునైనను, పూతవేసిన ఇనుపరేకునైనను, పెంకునైనను అడిగి కొనుడు. ‘రాతినార లేనిది’ అని రేకుపైగాని, బిల్లుపైగాని వ్రాసియుండునట్లు చూచుకొనుడు.

వాలు చాలకపోవుట మన యిండ్లలో మొదటి లోపము. సిమెంటు రేకునకు మూడు అడుగుల వెడల్పునకు ఒక అడుగు ఎత్తు వాలు ఉండుట మంచిది. పెంకులకు ఇంకను ఎక్కువ కావలెను. రెండు అడుగులకు ఒక అడుగు. పై వరుస రేకు క్రింది వరుసపై కనీసము 15 సెంటీమీటర్లు ఎక్కవలెను. దూలముల నడుమ దూరము 1.4 మీటరునకు మించరాదు. మనకు వర్షాకాలపు గాలి పడమటి దిక్కునుండి, నైరుతినుండి వీచును. కనుక తూర్పుకొననుండి రేకులు పరచుట మొదలిడి పడమరకు సాగవలెను. అప్పుడు పడమటి రేకు తూర్పురేకుపై ఎక్కి, జోడు నోరు గాలికి పెడమొగమై యుండును. మేస్త్రీ ఎచటనుండి మొదలిడుచున్నాడో గమనింపుడు. ఈ చిన్న సంగతిని మరచి ఎన్నో క్రొత్తకప్పులు మొదటి వానకే కారుచున్నవి.

ఇక లెక్క. పది అడుగులు, పండ్రెండు అడుగులు గల గదికి ఒకేవైపు వాలు వేయుదుమనుకొందము. పది అడుగుల వైపు వాలు. చూరునకు ఒక అడుగు కలిపినచో పదునొకండు అడుగులు. మూడింట ఒకటి వాలుతో ఏటవాలు కొలత సుమారు 3.53 మీటర్లగును. రెండు మీటర్ల రేకులు రెండు వరుసలు వేసి, 15 సెంటీమీటర్లు జోడునకు పోగా 3.85 మీటర్లు వచ్చును, చాలును. పండ్రెండు అడుగులనగా 3.66 మీటర్లు, రెండు ప్రక్కల కలిపి 40 సెంటీమీటర్లు బయటికి విడిచినచో 4.06 మీటర్లు. రేకు వెడల్పు 1.05 మీటరు, ప్రక్కరేకుపై ఎక్కగా 1.01 మీటరు మిగులును. నాలుగు రేకులు 4.08 మీటర్లు కప్పును. మొత్తము ఎనిమిది రేకులు, అయిదు దూలములు. ఈ లెక్క మీ చేతనున్నచో పది రేకులు కావలెనని ఎవ్వరును చెప్పజాలరు.

వరుసయిండ్ల చాలులో ఒక యింటివారు మాత్రమే కప్పు మార్చినచో ఇరుగుపొరుగు జోడువద్ద మరల కారును. ఒకే దూలము క్రింద నివసించు నాలుగిండ్లవారు కలిసి, నెలనెల కొంత కూడబెట్టి, ఒకే వేసవిలో పని చేయించుట లాభము. చీటీ కట్టుట మనకు క్రొత్త కాదు. పెండ్లికి కట్టినట్లే కప్పునకును కట్టవచ్చును.

స్లాబు ఇండ్లు

స్లాబు లోపలి ఇనుపకడ్డీకి నీరు తగిలినచో తుప్పు పట్టును. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును గనుక పై కాంక్రీటును నెట్టి పగులగొట్టును. మొదట సన్నని నిలువు బీట, తరువాత ఎఱ్ఱని చార, ఆపైన పెచ్చులు, చివరకు కడ్డీ బయటపడుట. చీపురుకఱ్ఱతో తట్టినచో బోలుచప్పుడు వచ్చుచోట కాంక్రీటు విడిపోయినదని తెలియవలెను. పెచ్చులూడిన చోట సున్నము కొట్టించి మరుగుపరచుట రోగమునకు ముసుగు వేయుటయే. ఇట్టి స్లాబుపై ఇంకొక గది లేపుట, నీటి ట్యాంకులు పేర్చుట ప్రాణాంతకము.

2020 సెప్టెంబరు 21వ తేదీన తెల్లవారకముందే మన ఊరి పటేల్ కాంపౌండులో మూడంతస్తుల భవనము కూలి, నిద్రించుచున్నవారిలో ముప్పదిమందికి పైగా మరణించిరి. ఆ దుఃఖము మనము మరువరానిది. మహారాష్ట్ర నగరపాలికల చట్టమున 265-ఏ విభాగము ప్రకారము, ముప్పది ఏండ్లు నిండిన భవనమునకు అర్హుడైన ఇంజనీరుచే దృఢత్వపరీక్ష చేయించి ధ్రువపత్రము పొందవలెను. మీ భవనమునకు ఆ పత్రము కలదా అని సొసైటీవారిని, యజమానిని అడుగుడు. ఇంజనీరు ఖాళీ చేయుమన్నచో ఆ మాటను సామాన్యముగా తీసికొనకుడు.

అద్దె యింటివారు

మనలో పెక్కుమంది అద్దె యిండ్లలోనివారు. “యజమాని చేయడు, మాకు హక్కు లేదు” అని కారుచున్న కప్పు క్రింద ఏండ్లు గడుపుదురు. మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టము, 1999, పదునాలుగవ విభాగము ప్రకారము, ఇంటిని నివాసయోగ్యముగా బాగుచేయించి యుంచుట యజమాని విధి. ఆయన ఉపేక్షించినచో కనీసము 15 దినముల గడువుతో నోటీసు ఇచ్చి, అప్పటికిని చేయింపనిచో అద్దెకున్నవారు తామే మరమ్మతు చేయించి ఆ ఖర్చును అద్దెలో తగ్గించుకొనవచ్చును. అయితే ఒక సంవత్సరమున తగ్గించుకొను మొత్తము ఆ సంవత్సరపు అద్దెలో నాలుగవ వంతునకు మించరాదు. అద్దెకున్నవారు నలుగురు కలిసియు నోటీసు ఇయ్యవచ్చును. నోటీసు వ్రాతమూలకముగా ఉండవలెను. దాని ప్రతి, అద్దె రసీదులు, బిల్లులు భద్రపరచుకొనవలెను. ఏప్రిలులో మరమ్మతు కావలెనన్నచో నోటీసు ఫిబ్రవరిలోనే పోవలెను. మరాఠీలో వ్రాయుటకు మన పిల్లలు చాలుదురు. బడిలో వారు నేర్చిన రాష్ట్రభాష ఇంటికి ఇట్లుపయోగపడనిండు.

సంవత్సరపు పట్టిక

అక్టోబరులో వానలు వెడలినంతనే, మరకలు పచ్చిగా ఉండగనే, గదిపటమున గుర్తింపుడు. ఫిబ్రవరిలో మధ్యాహ్నపు వెలుతురు పరీక్ష చేసి, యజమానికి నోటీసుగాని మేస్త్రీకి కబురుగాని పంపుడు. మార్చిలో చెత్త దింపించి, వీలైనచో కప్పుపై తెల్లని సున్నము కొట్టించుడు. తెలుపు ఎండను త్రిప్పికొట్టును, లోపలి వేడి తగ్గును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించుట ఈ గుణమును గుర్తించియే. సిమెంటు రేకును సున్నమునకై రుద్దరాదు. నిచ్చెనపైనుండి పొడవుకఱ్ఱ కుంచెతో పూయవలెను. ఏప్రిలులో మరమ్మతు లన్నియు ముగింపుడు. మే మొదటివారమున మూడు బకెట్ల నీరు చూరునకు ఎగువనుండి పోయించి పరీక్షింపుడు. జూన్ మొదలు సెప్టెంబరు వరకు కప్పు నెక్కకుడు.

పిల్లలచే ఇంటివద్ద చేయింపవలసిన అభ్యాసము:

1. మన గది పొడవు వెడల్పులు కొలిచి, ఒక సెంటీమీటరు వానకు ఎన్ని లీటర్ల నీరు పడునో లెక్కింపుము.
2. గదిపటము గీసి, రేకులు, దూలములు, వెలుతురు చుక్కలు గుర్తింపుము.
3. మన కప్పు వాలు ఎంత? మూడు అడుగులకు ఎంత ఎత్తు?
4. తాతగారి ఊరిలో ఇంటిని దేనితో నేసిరో పెద్దల నడిగి పది పంక్తులు వ్రాయుము. వాసము, దూలము, చూరు, కొప్పు అను మాటలు అందు ఉండవలెను.

ఈ నాలుగవ ప్రశ్నను ఉపేక్షింపవలదని తల్లిదండ్రులకు మనవి. వాసమునకు పేరు తెలియని బాలుడు అది పుచ్చినదని ఎవరితో చెప్పును? ఇంటిభాష నిలుచుట కేవలము పద్యములు వల్లించుటవలన కాదు. ఇంటిపనులు ఆ భాషలో జరుగుటవలన. ఈ వేసవి ఒక మధ్యాహ్నము తలుపులు మూసి, దీపము లార్పి, బిడ్డను ప్రక్కన నిలుపుకొని కప్పువంక చూడుడు. కనబడిన వెలుతురు చుక్కలను ఇద్దరును కలిసి లెక్కింపుడు. వానలు వచ్చులోపల ఆ లెక్క సున్నకు వచ్చినచో, జూలైలో బిడ్డ పుస్తకములు పొడిగా బడికి వచ్చును.